పోస్ట్‌డాక్ ఖాళీ ఎక్కడుంది? ప్రకటన పడకముందే పసిగట్టే పద్ధతి

థీసిస్ సబ్మిట్ చేసిన వారానికి మా గైడ్ ఒకే ప్రశ్న వేశారు: "తర్వాత ఎక్కడికి?" "వెతుకుతున్నాను సార్" అన్నాను. వెతుకుతున్నది పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం. నిజానికి నేను చేస్తున్నదేమిటంటే, రోజూ పొద్దున్నే గూగుల్లో "పోస్ట్‌డాక్ వేకెన్సీ" అని కొట్టి, మొదటి పేజీ చూసి, టీ తాగి ల్యాబ్‌కి వెళ్లిపోవడం. మూడు నెలలు అలాగే గడిచాయి. నలభై చోట్లకు దరఖాస్తు పెడితే జవాబు వచ్చింది రెండు చోట్ల నుంచి, అదీ "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని. చివరికి నాకు దొరికిన పోస్టుకు అసలు ప్రకటనే పడలేదు. ఒక కాన్ఫరెన్స్‌లో నా పోస్టర్ దగ్గర ఆగిన ప్రొఫెసర్ ఒకావిడ "వచ్చే నెల మాకు గ్రాంట్ మొదలవుతోంది, అప్పుడొక మెయిల్ పెట్టు" అన్నారు. పెట్టాను.

అప్పటికి గానీ విషయం బుర్రకెక్కలేదు. మా డెల్టాలో నారు ఎప్పుడు పోయాలో ఎవరూ పేపర్లో ప్రకటన చూసి తెలుసుకోరు. కాలువకు నీళ్లు వదిలారా లేదా అని చూస్తారు. పరిశోధన ఉద్యోగమూ అంతే. ముందు గ్రాంట్, అంటే పరిశోధనకిచ్చే నిధి, వస్తుంది, దాంతో పోస్టు పుడుతుంది, ప్రకటన అన్నిటికన్నా చివర. ప్రకటన చూసి దరఖాస్తు చేయొద్దని కాదు, అదీ చేయాలి. దాంతోనే ఆగిపోతే మాత్రం వందమందితో కలిసి క్యూలో నిలబడటమే. రెండు దారులూ ఇక్కడ చెబుతాను. నాది మొక్కల జీవశాస్త్రం కాబట్టి ఉదాహరణలు అటు కాస్త మొగ్గుతాయి.

1. జీతం ఎవరి డబ్బులోంచి?

పోస్ట్‌డాక్ అనే మాట ఒకటే గానీ లోపల రెండు వేర్వేరు వ్యవహారాలున్నాయి. మొదటిది ప్రాజెక్టు పోస్టు. ప్రొఫెసర్‌కి గ్రాంట్ వచ్చింది, అందులో ఒకరి జీతానికి డబ్బుంది, చేయాల్సిన పని ముందే రాసి ఉంది. మీరు వెళ్లి ఆ పని చేస్తారు. ఎంపిక త్వరగా అయిపోతుంది, ఒక్కోసారి నెల తిరక్కుండానే.

రెండోది ఫెలోషిప్. డబ్బు మీ పేరు మీద వస్తుంది. ప్రపోజల్ మీరు రాస్తారు, ప్రొఫెసర్ చోటిస్తారు. గడువు ఏడాదికి ఒకటో రెండో సార్లు వస్తుంది, ఫలితానికి నెలల తరబడి ఎదురుచూడాలి. యూరప్‌లో మేరీ క్యూరీ, జర్మనీలో హంబోల్ట్, మన దగ్గర నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, బయోమెడికల్ పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ ఫెలోషిప్ ఈ కోవలోవి.

మనవాళ్లు ఎక్కువగా వెతికేది మొదటి రకమే. కానీ రెండోదాన్ని చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఎదుటివాళ్లు వినే తీరే మారుతుంది. "మీ దగ్గర ఖాళీ ఉందా?" అని అడిగితే ప్రొఫెసర్ జేబు తడుముకోవాలి. "ఈ సెప్టెంబరులో మేరీ క్యూరీకి మీ ల్యాబ్ తరఫున దరఖాస్తు చేయాలనుకుంటున్నాను, ఒప్పుకుంటారా?" అని అడిగితే ఆ అవసరం లేదు. పైగా ప్రపోజల్ కోసం రెండు నెలలు మీతో పనిచేశాక, ఫెలోషిప్ రాకపోయినా "ఆగు, వేరే గ్రాంట్‌లో చూద్దాం" అన్నవాళ్లు నాకు తెలుసు.

2. గడియారం అప్పుడే మొదలైంది

చేరాలనుకున్న తేదీకి ఏడాది ముందు వెతకడం మొదలుపెట్టండి. థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్నప్పుడు ఇది ఎవరికీ ఇష్టంగా ఉండదు, నాకూ లేదు.

చాలా ఫెలోషిప్‌లకు పీహెచ్‌డీ వచ్చిన రోజు నుంచి లెక్క నడుస్తుంది. హంబోల్ట్ పోస్ట్‌డాక్ విభాగానికి పీహెచ్‌డీ అయిన 4 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత 12 ఏళ్ల వరకు అనుభవజ్ఞుల విభాగం ఉంది. మేరీ క్యూరీకి 8 ఏళ్లు. దానికి ఇంకో మెలిక కూడా ఉంది: మీరు వెళ్లాలనుకునే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. నాకు తెలిసిన ఒకబ్బాయి ముందు జర్మనీలో ప్రాజెక్టు పోస్టులో చేరిపోయి, ఏడాదిన్నర తర్వాత అదే ల్యాబ్ నుంచి మేరీ క్యూరీ రాద్దామనుకున్నాడు. కుదరలేదు. ఫెలోషిప్ ఆశ ఉంటే ఆ వరస ముందే చూసుకోవాలి. మన దేశపు పథకాల్లో ఎక్కువగా వయసు పరిమితి ఉంటుంది. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కి 35 ఏళ్లు, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ సడలింపుతో.

ఇక వైవా. థీసిస్ ఇచ్చాక నా వైవాకి పదకొండు నెలలు పట్టింది. ఫైలు ఏ సెక్షన్‌లో, ఏ బల్ల మీద ఉందో కనుక్కోవడానికే నాలుగుసార్లు తిరిగాను. కాబట్టి ప్రకటనలో "పీహెచ్‌డీ పట్టా ఉండాలి" అని రాశారా, "థీసిస్ సమర్పించినవారూ అర్హులే" అని రాశారా అన్నది జాగ్రత్తగా చదవండి. స్పష్టంగా లేకపోతే అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

సీజన్ సంగతి. అమెరికాలో గణితం, ఖగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మానవీయ శాస్త్రాలకు దసరా నుంచి సంక్రాంతి వరకే అసలు సీజన్. అది దాటితే ఏడాది ఆగాల్సిందే. మేరీ క్యూరీ గడువు సాధారణంగా సెప్టెంబరులో, అంటే వినాయక చవితి రోజుల్లో పడుతుంది. జీవశాస్త్రం, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ ప్రాజెక్టు పోస్టులకు సీజన్ లేదు, ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి.

3. "పోస్ట్‌డాక్" అని వెతికితే సగం కనిపించవు

ఒక్కో దేశంలో దీనికి ఒక్కో పేరు. బ్రిటన్‌లో "రీసెర్చ్ అసోసియేట్" అంటే చాలాచోట్ల పోస్ట్‌డాకే, "రీసెర్చ్ అసిస్టెంట్" అంటే పీహెచ్‌డీ లేనివారికి. ఆస్ట్రేలియాలో "రీసెర్చ్ ఫెలో, లెవెల్ ఎ" అని ఉంటుంది. జర్మనీ విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో "విస్సెన్‌షాఫ్ట్‌లిషర్ మిటార్బైటర్" అని కనిపిస్తుంది. దానికి శాస్త్ర సిబ్బంది అని అర్థం, పీహెచ్‌డీ విద్యార్థికీ పోస్ట్‌డాక్‌కీ అదే పేరు, లోపల చదివితే గానీ తేడా తెలియదు. మన దగ్గర "రీసెర్చ్ అసోసియేట్", "ప్రాజెక్ట్ సైంటిస్ట్" అంటారు. అలర్ట్ పెట్టేటప్పుడు ఈ పేర్లన్నీ విడివిడిగా పెట్టండి.

4. ఏ సబ్జెక్టు వాళ్లు ఎక్కడ చూడాలి

అందరికీ పనికొచ్చేవి ముందు చెబుతాను. యూరప్ మొత్తానికి యూరాక్సెస్, బ్రిటన్‌కి జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, నెదర్లాండ్స్‌కి అకడమిక్ ట్రాన్స్‌ఫర్, ఫ్రాన్స్‌లో జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ సొంత ఉద్యోగాల పోర్టల్, జపాన్‌కి జేరెక్-ఇన్. నేచర్ కెరీర్స్, సైన్స్ కెరీర్స్ అందరికీ తెలిసినవే. వీటిలో రోజూ కూర్చోనక్కర్లేదు. మెయిల్ అలర్ట్ పెట్టి, వారానికి ఒక రోజు చూస్తే చాలు.

అసలు సరుకు ఉండేది సబ్జెక్టు మనుషులు తమలో తాము పంచుకునే చోట. పెద్ద పోర్టల్‌లో ప్రకటన వేయాలంటే డబ్బు కట్టాలి. చిన్న ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ ఆ ఖర్చు పెట్టకుండా తన రంగం వాళ్లు చదివే మెయిలింగ్ లిస్టులో నాలుగు లైన్లు రాసి ఊరుకుంటారు.

గణితం వాళ్లకు మ్యాథ్‌జాబ్స్ ఒక్కటే సగం ప్రపంచం. అందులో ఒకసారి ఖాతా తెరిచి, సీవీ, రీసెర్చ్ స్టేట్‌మెంట్, టీచింగ్ స్టేట్‌మెంట్ పెట్టేస్తే వాటినే ఎన్ని చోట్లకైనా పంపొచ్చు. అకడమిక్ జాబ్స్ ఆన్‌లైన్ కూడా అలాంటిదే, అక్కడ ఫిజిక్స్ పోస్టులూ వస్తాయి. హై ఎనర్జీ ఫిజిక్స్ వాళ్లు ఇన్‌స్పైర్ అనే సైట్‌లో పేపర్లు ఎలాగూ చూస్తారు. ఉద్యోగాల విభాగం కూడా అందులోనే ఉంది. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) ఇన్‌స్పైర్ పథకానికీ దీనికీ సంబంధం లేదు. ఖగోళశాస్త్రానికి అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి జాబ్ రిజిస్టర్ ఉంది. ఆ రంగంలో ఒక మంచి కట్టుబాటు ఉంది: పోస్ట్‌డాక్ ఆఫర్ ఇచ్చినవారు ఫిబ్రవరి 15 లోపు జవాబు చెప్పమని బలవంతం చేయకూడదు. "రేపటికల్లా చెప్పు" అని ఎవరైనా టెన్షన్ పెడితే ఈ తేదీ గుర్తు చేయొచ్చు.

జీవశాస్త్రంలో ఒక చోటు అంటూ లేదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పరిణామశాస్త్రం వాళ్లకు ఎవోల్‌డిర్, పర్యావరణం వాళ్లకు ఎకోలాగ్, మొక్కలవాళ్లకు ప్లాంటే. స్ట్రక్చరల్ బయాలజీ చేసేవారు సాఫ్ట్‌వేర్ సందేహాల కోసం చదివే సీసీపీ4 బులెటిన్ బోర్డులోనే పోస్ట్‌డాక్ ప్రకటనలూ పడుతుంటాయి. కంప్యుటేషనల్ కెమిస్ట్రీకి సీసీఎల్, ఎలక్ట్రానిక్ స్ట్రక్చర్ లెక్కలు చేసేవారికి సై-కే, వాతావరణశాస్త్రానికి మెట్-జాబ్స్, జలశాస్త్రానికి అబౌట్ హైడ్రాలజీ. మీ ఉపశాఖకు ఇలాంటిది ఏదుందో తెలియకపోతే, మీరు ఎక్కువగా ఉదహరించే పేపర్ల రచయితల్లో ఇప్పుడు పోస్ట్‌డాక్ చేస్తున్న ఒకరికి రాసి అడగండి. ప్రొఫెసర్లకన్నా వాళ్లే త్వరగా జవాబిస్తారు, ఈ మధ్యే ఆ అవస్థ పడి వచ్చారు కాబట్టి.

ఆర్థికశాస్త్రం తీరు వేరు. అక్కడ జాబ్ మార్కెట్ అనే మాట అక్షరాలా నిజం. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ నడిపే జో అనే ఉద్యోగాల సైటు, దానితోపాటు ఎకాన్ జాబ్ మార్కెట్. నవంబరులో దరఖాస్తులు, ఆ తర్వాత ఇంటర్వ్యూలు, ఆ పైన క్యాంపస్ పిలుపులు. అన్నిటికీ ఆధారం "జాబ్ మార్కెట్ పేపర్" అనే ఒక్క పేపరు. పీహెచ్‌డీకి ముందు అనుభవం కావాలనుకునే ఎంఏ వాళ్లకు జే-పాల్ సౌత్ ఏషియా లాంటి చోట్ల రీసెర్చ్ అసోసియేట్ పోస్టులుంటాయి. ఊళ్లలో తిరిగి సర్వే చేయించే పని కాబట్టి తెలుగు వచ్చి ఉండటం అక్కడ నిజంగానే కలిసొస్తుంది.

చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వాళ్లకు హెచ్-నెట్, తత్వశాస్త్రానికి ఫిల్‌జాబ్స్, భాషాశాస్త్రానికి లింగ్విస్ట్ లిస్ట్. వీళ్లకు ప్రాజెక్టు పోస్టులు తక్కువ, ఫెలోషిప్‌లే ఎక్కువ. సిమ్లాలో రాష్ట్రపతి నివాస్‌లో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ, నెదర్లాండ్స్ లైడెన్‌లో ఉన్న ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఏషియన్ స్టడీస్, రెండూ ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండింటి పొట్టి పేరూ ఒకటే (ఐఐఏఎస్) కావడంతో ఒకదాని గడువు చూసి ఇంకోదానికి దరఖాస్తు తయారు చేసుకున్నవాళ్లున్నారు, నవ్వకండి. తెలుగు సాహిత్యం, దక్షిణాది చరిత్ర మీద పనిచేసేవారు తెలుగు బోధన ఉన్న అమెరికాలోని బర్క్లీ లాంటి చోట్లనూ, జర్మనీ హైడెల్‌బర్గ్‌లోని సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్‌నూ గమనిస్తూ ఉండాలి. పోస్టులు అరుదు, కానీ పోటీపడగలిగేవారూ తక్కువే.

5. దేశంలోనే ఉండాలనుకుంటే

ముందు జీతం లెక్క. డీఎస్టీ 2023లో సవరించిన రేట్ల ప్రకారం జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్ఎఫ్)కి నెలకు 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)కి 42,000, రీసెర్చ్ అసోసియేట్‌కి అనుభవాన్ని బట్టి 58,000, 61,000, 67,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టు పోస్టు ప్రకటనలో రీసెర్చ్ అసోసియేట్ అని రాసి అంకె దీనికన్నా బాగా తక్కువగా ఉంటే, ఎందుకని అడగడం మీ హక్కు.

ఎస్ఈఆర్‌బీ అని మనం అలవాటుగా అనే కేంద్ర పరిశోధన నిధుల సంస్థ ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయింది. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ప్రకటన అక్కడే చూడాలి. పాత సైటు బుక్‌మార్క్ చేసుకుని కూర్చుంటే లాభం లేదు. బయోటెక్నాలజీ వాళ్లకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) రీసెర్చ్ అసోసియేట్‌షిప్, సామాజిక శాస్త్రాలకు ఆ రంగపు పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ ఫెలోషిప్, మహిళలకు డీఎస్టీ వారి వైజ్-పీడీఎఫ్ ఉన్నాయి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ సొంత డబ్బుతో ఇచ్చే పోస్ట్‌డాక్‌లు వేరు. ఐఐఎస్‌సీలో దాన్ని సీవీ రామన్ పేరుతో ఇస్తారు. జీవశాస్త్రం వాళ్లు ఇండియా బయోసైన్స్ ఉద్యోగాల పేజీ వారానికోసారి చూడాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నన్ని పరిశోధన సంస్థలు దేశంలో చాలా కొద్ది నగరాల్లోనే ఉన్నాయి. ఉప్పల్ రోడ్డు మీద ఒక బస్సెక్కితే కణజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, భూభౌతిక శాస్త్ర సంస్థ ఎన్‌జీఆర్ఐ గేట్లు తగులుతాయి, డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. పటాన్‌చెరులో ఇక్రిశాట్, కందిలో ఐఐటీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్. ఆంధ్రలో ఐజర్ తిరుపతి, ఐఐటీ తిరుపతి, విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం. ఇండియా అలయన్స్ కార్యాలయం కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ సంస్థల ప్రాజెక్టు పోస్టుల ప్రకటన చాలాసార్లు సంస్థ సైట్‌లో ఒక మూల స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పడుతుంది. గూగుల్‌లో అది చాలాసార్లు దొరకదు. గడువు రెండు మూడు వారాలే. కాబట్టి మీకు సరిపోయే పదీ పన్నెండు సంస్థల "రిక్రూట్‌మెంట్" పేజీలను ఒక ఫోల్డర్‌లో బుక్‌మార్క్ చేసుకుని, ప్రతి సోమవారం టీ తాగుతూ వరుసగా తెరిచి చూడండి. ఇరవై నిమిషాల పని. పేజీ మారితే మెయిల్ పంపే ఉచిత టూల్స్ ఉన్నాయి, అవి పెట్టుకున్నా మంచిదే.

6. డబ్బు జాడ పట్టడం

ఇదే ఈ వ్యాసంలో అసలు భాగం. మిగతాదంతా మరిచిపోయినా ఇది చేయండి.

అనుకుందాం, మీరు కరువులో వరి వేళ్లు ఎలా పెరుగుతాయన్న దాని మీద పీహెచ్‌డీ చేశారు. మీకు నచ్చిన పేపరు ఒకటి తీసుకోండి, గత రెండేళ్లలో వచ్చింది అయితే మేలు. ఎవరూ చదవని చోటుకి వెళ్లండి: చివర్లో కృతజ్ఞతలు చెప్పే పేరా. అక్కడ ఏ సంస్థ డబ్బిచ్చిందో, గ్రాంట్ నంబరు ఏమిటో రాసి ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఆ సంస్థ డేటాబేస్‌కి వెళ్లండి. అమెరికా ఆరోగ్య పరిశోధనకు ఎన్ఐహెచ్ రిపోర్టర్, మిగతా సైన్సుకు ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్. యూరోపియన్ యూనియన్‌కి కార్డిస్, జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీకి గెప్రిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్. అన్నీ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు.

అక్కడ మీరు చూడాల్సింది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది అన్న రెండు తేదీలు. వచ్చే మార్చికి ముగిసే గ్రాంట్ అయితే ఆ ల్యాబ్‌లో కొత్తవారిని తీసుకునే అవకాశం తక్కువ. నాలుగు నెలల క్రితమే మొదలై ఇంకా నాలుగేళ్లు ఉంటే, అక్కడ మనిషి అవసరం ఇప్పుడే ఉంది. నంబరు లేకపోయినా ఈ డేటాబేసుల్లో "రైస్", "రూట్", "డ్రాట్" అని వెతికి, ఈ ఏడాది మొదలైనవాటిని మాత్రం ఏరుకోవచ్చు. ప్రాజెక్టు సారాంశం కూడా అక్కడే ఉంటుంది. ప్రొఫెసర్ రాబోయే నాలుగేళ్లు ఏం చేస్తానని మాటిచ్చారో ఆయన సొంత మాటల్లోనే చదవొచ్చు. మెయిల్ రాయడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ఫలితాల రోజులు క్యాలెండర్‌లో రాసుకోండి. స్టార్టింగ్ గ్రాంట్ అంటే ఐదేళ్లకు 15 లక్షల యూరోల వరకు, కన్సాలిడేటర్ అంటే 20 లక్షల వరకు. స్టార్టింగ్ గ్రాంట్ల ఫలితాలు సాధారణంగా సెప్టెంబరులో వస్తాయి, గెలిచినవారి జాబితాతో సహా. ఆ డబ్బులో పెద్ద వాటా మనుషుల జీతాలకే పోతుంది. అంటే జాబితా వచ్చిన రోజున వందల పోస్టులు పుట్టినట్టే, వాటిలో దేనికీ ఇంకా ప్రకటన లేదు. మన దగ్గర ఇండియా అలయన్స్ తమ ఫెలోల పేర్లు, ప్రాజెక్టులు సైట్‌లో పెడుతుంది. అక్కడా ఇదే పని చేయొచ్చు.

ఇంకో రెండు జాడలు. ఒకటి, కొత్తగా ల్యాబ్ పెట్టిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు. వాళ్లకు సంస్థ ఇచ్చిన ఆరంభ నిధి ఉంటుంది, మనుషులుండరు. పెద్ద పేరు కాదని చాలామంది అటు చూడరు. నేను మాత్రం అలాంటి చోటే మేలంటాను: రోజూ పక్కన నిలబడి పని నేర్పే తీరిక వాళ్లకుంటుంది. కాకపోతే వాళ్ల పదవి ఖాయం కాకపోతే మీ కాంట్రాక్టూ ఊగుతుంది, అది మనసులో పెట్టుకోండి. రెండోది, వెళ్లిపోయేవారు. కిక్కిరిసిన బస్సులో తర్వాతి స్టాపులో ఎవరు దిగుతారో కనిపెట్టి ఆ సీటు పక్కన నిలబడతాం కదా. ల్యాబ్ పేజీలో ఐదో ఏడాదిలో ఉన్న పోస్ట్‌డాక్ ఎవరు, ఎవరికి ఫ్యాకల్టీ ఉద్యోగం వచ్చిందని లింక్డిన్‌లో అభినందనలు వస్తున్నాయి, చూస్తూ ఉండండి.

7. మెయిల్

"రెస్పెక్టెడ్ సార్" అని మొదలుపెట్టకండి. మన దగ్గర అది మర్యాద. అక్కడ మాత్రం అది వందమందికి ఒకేసారి పంపిన మెయిల్ అన్న గుర్తు. పైగా చాలాసార్లు అవతల ఉన్నది ఆడవాళ్లు. "డియర్ డాక్టర్" అని ఇంటిపేరుతో సంబోధిస్తే చాలు.

సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం ఉండాలి: "పోస్ట్‌డాక్ ఎంక్వైరీ, రైస్ రూట్ ఇమేజింగ్, అవైలబుల్ ఫ్రమ్ మే" అన్నట్టు. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఏం చేశారు. తర్వాతి మూడు నాలుగు వాక్యాల్లో వారి కొత్త గ్రాంట్‌లో లేదా పేపర్లో ఏ ప్రశ్న మిమ్మల్ని పట్టుకుంది, దానికి మీ చేతిలో ఉన్న ఏ నైపుణ్యం పనికొస్తుంది. "మీ అద్భుతమైన పరిశోధన నన్ను ఆకట్టుకుంది" అనే వాక్యం రాయాలనిపిస్తే, అది ఇంకెవరికైనా యథాతథంగా పంపొచ్చా అని చూసుకోండి. పంపగలిగితే కొట్టేయండి. ఆ తర్వాత డబ్బు మాట నేరుగా: ఖాళీ ఉందా, లేకపోతే ఫలానా ఫెలోషిప్‌కి కలిసి రాయడానికి ఇష్టపడతారా. సీవీ ఒక్కటే జతచేయండి, రెండు మూడు పేజీలు. పదో తరగతి మార్కులు, తండ్రి పేరు, డిక్లరేషన్ కింద సంతకం విదేశీ సీవీలో అక్కర్లేదు.

జవాబు రాకపోతే పది రోజులకు ఒక్కసారి గుర్తు చేయండి. ఆపైన వదిలేయండి. వారానికి నాలుగైదు మెయిళ్లకు మించి నేను రాయలేకపోయాను. ఒక్కోదానికి రెండు గంటల చదువు పడుతుంది కాబట్టి. మొదట్లో నలభై పంపి తెచ్చుకున్న రెండు జవాబులకన్నా, తర్వాత పంపిన పద్నాలుగుకి వచ్చిన ఆరు జవాబులు నాకు ఎక్కువ నేర్పాయి. అందులో నాలుగు "డబ్బు లేదు" అన్నవే, కానీ ఒకాయన ఇంకో ల్యాబ్ పేరు చెప్పారు.

8. రిఫరెన్సులు, పేరు తిప్పలు

మీ పని గురించి లేఖ రాసే రిఫరీల పేర్లు మూడు సిద్ధంగా ఉండాలి. మ్యాథ్‌జాబ్స్ లాంటి చోట లేఖను రిఫరీయే నేరుగా అప్‌లోడ్ చేయాలి, మీ చేతికి రాదు. చాలా పోర్టళ్లు సంస్థ ఈమెయిల్ ఐడీ ఉంటేనే ఒప్పుకుంటాయి. మన ప్రొఫెసర్లలో చాలామంది ఇప్పటికీ జీమెయిల్, యాహూ వాడతారు. సంస్థ ఐడీ పనిచేస్తోందా అని ముందే మర్యాదగా కనుక్కోండి. "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే గైడ్ ఉంటే, పొగడ్తలు రాయకుండా, మీరు ఏ ప్రయోగాన్ని ఎలా గట్టెక్కించారో సంఘటనలతో ఒక పేజీ నోట్ ఇవ్వండి. లేఖ ఆయన మాటల్లో రావడమే మీకు మంచిది.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన బాధ పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేపర్లలో ఒక్క అక్షరం, డిగ్రీ మీద ఇంకోలా. పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఆర్కిడ్ నంబరు తీసుకుని మీ పేపర్లన్నీ దాని కింద చేర్చండి. సీవీ పైన పాస్‌పోర్టులో ఉన్న పేరు రాసి, పేపర్లలో ఎలా ఉంటుందో కింద ఒక లైను ఇవ్వండి.

9. ఇంటర్వ్యూ, ఆఫర్

జూమ్‌లో అరగంట మీ పని చెబుతారు, తర్వాత ల్యాబ్‌లో వాళ్లతో విడిగా మాట్లాడిస్తారు. ఆ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. "ఇక్కడ పనిచేసి వెళ్లినవారు ఇప్పుడెక్కడున్నారు? శని, ఆదివారాలు ఎలా ఉంటాయి?" అని అడగండి. జవాబుకన్నా ముందు వచ్చే నిశ్శబ్దాన్ని వినండి.

ఆఫర్‌లో కాంట్రాక్టా, స్టైపెండా అన్నది చూడాలి. జర్మనీలో కాంట్రాక్టు అయితే జీతం మామూలుగా అక్కడి ప్రభుత్వ వేతన పట్టిక టీవీ-ఎల్‌లో ఇ13 శ్రేణిలో ఉంటుంది, పట్టిక నెట్‌లో దొరుకుతుంది. ఆరోగ్య బీమా, పెన్షన్ అందులోనే కోసుకుంటారు. స్టైపెండ్ అయితే చేతికొచ్చేది ఎక్కువలా కనిపిస్తుంది గానీ బీమా ఖర్చు మీదే, పెన్షన్ ఖాతా ఉండదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఎన్ఐహెచ్ జీతాల పట్టికను కొలతగా పెట్టుకుంటాయి. 2024లో కొత్తగా చేరే పోస్ట్‌డాక్‌కి అందులో ఉన్న అంకె ఏడాదికి 61,008 డాలర్లు.

అమెరికా వీసా విషయంలో ఎక్కువమంది వెళ్లేది జే-1 మీద. రీసెర్చ్ స్కాలర్‌గా గరిష్ఠంగా ఐదేళ్లు. 2024 డిసెంబరులో సవరించిన నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తీసేశారు కాబట్టి, ఆ జాబితా కారణంగా రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఇప్పుడు మనకు పడదు. ప్రభుత్వ డబ్బుతో వెళ్తే మాత్రం పడొచ్చు. ఫుల్‌బ్రైట్ వాళ్లు గమనించాలి. ఇక 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, "మేం హెచ్-1బీ ఇస్తాం" అని ఎవరైనా అంటే అది విశ్వవిద్యాలయం అంతర్జాతీయ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

10. డబ్బడిగితే అక్కడే ఆపండి

పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని లక్షలు అడిగే కన్సల్టెన్సీలు ఉన్నాయి. ప్రొఫెసర్‌తో మాట్లాడే పని మీ తరఫున ఇంకెవరూ చేయలేరు. మ్యాథ్‌జాబ్స్, యూరాక్సెస్ లాంటివి దరఖాస్తుదారుల దగ్గర పైసా తీసుకోవు. మన దేశంలో కొన్ని నియామకాలకు దరఖాస్తు రుసుము ఉంటుంది, అది సంస్థ సొంత పోర్టల్‌లోనే కట్టించుకుంటారు, ఎవరి ఫోన్ నంబరుకో కాదు. ఇంటర్వ్యూ లేకుండా ఆఫర్ లెటర్, విశ్వవిద్యాలయం పేరున్నా జీమెయిల్ ఐడీ, "వీసా డిపాజిట్" అనే మాట, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ ప్రొఫెసర్‌కి విశ్వవిద్యాలయం పేజీలో ఉన్న ఐడీకి నేరుగా రాసి కనుక్కోండి.

11. ఒక షీటు

ఇదంతా బుర్రలో పెట్టుకోలేరు. ఎక్సెల్‌లో ఒక షీటు తెరవండి: ప్రొఫెసర్ పేరు, గ్రాంట్ ముగిసే తేదీ, మెయిల్ పంపిన రోజు, గుర్తు చేసిన రోజు, వచ్చిన జవాబు, తర్వాత చేయాల్సింది. "డబ్బు లేదు" అన్నవారి వరసను తుడిచేయొద్దు. వచ్చే ఏడాది వాళ్ల పేరు గ్రాంట్ జాబితాలో కనిపిస్తే, పాత మెయిల్ కిందే రెండు లైన్లు రాసి అభినందించి మళ్లీ అడగొచ్చు. ఒకచోట ఖాయమయ్యాక అదే షీటు తెరిచి, ఇంకా జవాబు చెప్పాల్సిన ప్రతివారికీ "వేరేచోట చేరుతున్నాను, మీ సమయానికి ధన్యవాదాలు" అని రాయండి. రిఫరీలు ముగ్గురికీ ఫోన్ చేసి ఎక్కడ చేరుతున్నారో చెప్పండి. సార్ ఎలాగూ ఎవరి ద్వారానో వింటారు, మీ నోటితోనే వింటే బాగుంటుంది.